పీల్ పోలీసు, పెంటన్‌విల్ జైలు: గోదావరి జిల్లాకు వచ్చింది ఎంత?

అమలాపురం చదువరి:
గ్రూప్స్ పిల్లలకు నోట్సు రాస్తున్నాను. 1829లో బ్రిటిష్ హోంమంత్రి రాబర్ట్ పీల్ లండన్ పోలీసును పెట్టాడు, 1842లో అక్కడే పెంటన్‌విల్ జైలు తెరిచారు. ఇవే పద్ధతులను మన జిల్లాలోనూ అమలు చేశారని ఒక గైడులో ఉంది. నిజమేనాండి?

లాకుల దగ్గర:
పోలీసు వరకు చెబుతానండి. ఆ గైడును నమ్మకండి. పీల్ కానిస్టేబులు చేతిలో కర్రే ఉండేది, నేరం జరక్కుండా గస్తీ తిరగడం అతని పని. మన గొడవ వేరు. 1816 రెగ్యులేషన్ నుంచి శిస్తు వసూలు చేసే తాసీల్దారే పోలీసు అధికారి కూడా. బాకీపడ్డ రైతునీ, దొంగతనం మోపినవాణ్ణీ పట్టుకొచ్చేది ఆయన బంట్రోతులే. వేళ్లను చెక్కల మధ్య బిగించడం, మెడను కాళ్లకు కట్టి వంగబెట్టడం లాంటివన్నీ 1855లో మద్రాసు చిత్రహింసల కమిషన్ రికార్డుకెక్కించింది. అందుకే 1859 నాటి 24వ చట్టం పోలీసును రెవెన్యూ నుంచి విడదీసింది: పైన ఇన్‌స్పెక్టర్ జనరల్, జిల్లాకో సూపరింటెండెంటు. గోదావరి జిల్లా ఏర్పడిందీ ఆ ఏడే. 1861 నాటి 5వ చట్టం (భారత పోలీసు చట్టం) వేరు, పిల్లలు రెండూ కలిపేస్తారు, జాగ్రత్త.

పాత రికార్డు:
జైలు సంగతి. పెంటన్‌విల్‌లో 520 గదులు, గదికొక ఖైదీ. బయటికొస్తే ముఖం కప్పే టోపీ, ప్రార్థనలోనూ పక్కవాడు కనిపించని అరలు. మొదట 18 నెలల ఏకాంతం. మతులు చలిస్తున్నాయని గోల పుట్టాక 9కి తగ్గించారు. మన జైళ్లలో అంత ఖర్చు పెట్టలేదు, ఎక్కువమందిని ఉమ్మడి బారకుల్లోనే ఉంచారు. కాపలాకు ఖైదీలనే వాడుకున్నారు, 1894 జైళ్ల చట్టం 23వ సెక్షన్ చూడండి. ఏకాంత శిక్షకు 1860 శిక్షాస్మృతి 73, 74 సెక్షన్లు హద్దు గీశాయి: మొత్తం మీద 3 నెలలు, ఒక్క విడతకు 14 రోజులు మించకూడదు.

అమలాపురం చదువరి:
మరి 1859 తర్వాత హింస ఆగిందా?

లాకుల దగ్గర:
ఎక్కడండీ! పోలీసు ముందు ఒప్పుకున్నది సాక్ష్యంగా చెల్లదని 1861 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో రాయాల్సి వచ్చిందంటేనే తెలియడం లేదూ? 1872లో అదే సాక్ష్య చట్టం 25వ సెక్షన్ అయింది. ఏజెన్సీలోనైతే 1879 రంప తిరుగుబాటుకు కల్లు మీద చిగురుపన్ను ఒక కారణం, పోలీసుల దోపిడీ మరొకటి. తిరగబడినవాళ్లు ముందుగా పడింది పోలీసు ఠాణాల మీదే. నోట్సులో ఈ ముక్క తప్పకుండా పెట్టండి, గైడుల్లో దొరకదు.