అక్టోబరులో పడిన చోటే ఏప్రిల్‌లో ఒక్క స్మాల్‌మౌత్ కూడా లేదు, ఎందుకు?

కొత్తగాలం:
అందరికీ నమస్కారం. పెన్సిల్వేనియాలో హారిస్‌బర్గ్‌కి ఎగువన, సస్క్వెహానా నది ఒడ్డు నుంచి గాలం వేస్తుంటాను. పోయిన అక్టోబరులో ఒక రాళ్ళ వాలు దగ్గర గంటలో ఆరు స్మాల్‌మౌత్ బాస్‌లు (ఇక్కడి మంచినీటి వేటచేప) పడ్డాయి. ఒకటి 18 అంగుళాలు. ఈ ఏప్రిల్‌లో అదే చోటు, అదే రాడ్, చిన్న చేపలా ఉండే అదే లూర్ (ఉత్తుత్తి ఎర). రెండు శనివారాలు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నిలబడ్డా ఒక్కటీ ముట్టలేదు. లూర్ మార్చాలా, చోటు మార్చాలా?

రాతిగట్టు:
నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో చూశారా అండి? లూర్ సంగతి తర్వాత. వానలకి నది ఎత్తుగా, బురదగా ఉంటే నేనైతే అసలు వెళ్ళను. యూఎస్‌జీఎస్ (అమెరికా భూగర్భ సర్వే సంస్థ) గేజ్‌లో నీటిమట్టం చూసుకునే బయల్దేరతాను.

ఏటిమడుగు:
పదకొండేళ్ళుగా ఇదే నదిలో తిరుగుతున్నాను, కాస్త వివరంగా రాస్తాను. మీ చోటు మంచిదే, కానీ అది అక్టోబరు చోటు.

నీళ్ళు 65 ఫారెన్‌హీట్ నుంచి 50కి దిగే రోజుల్లో స్మాల్‌మౌత్ చలికాలం కోసం ఒళ్ళు చేసుకుంటుంది. చిన్న చేపల్ని రాళ్ళ మధ్యకి తరిమి తింటుంది. అందుకే మీ లూర్ అప్పుడు అంత బాగా పనిచేసింది. 45 కిందికి పడిపోయాక వడి తగలని లోతైన మడుగుల్లో గుంపుగా చేరి, దాదాపు కదలకుండా ఉండిపోతుంది. కొన్ని చేపలు ఆ మడుగు కోసం మైళ్ళ దూరం వెళ్తాయి. ఏప్రిల్ మొదట్లో నీళ్ళు చాలాసార్లు ఇంకా 40ల్లోనే ఉంటాయి కాబట్టి మీరు ఖాళీ నీళ్ళలో విసిరి ఉంటారు.

మడుగు కోసం దీవి దిగువ కొస, నది వంపు బయటి వైపు, వంతెన స్తంభాల వెనక చూడండి. పక్కన నీళ్ళు పరుగెడుతుంటే అక్కడ మాత్రం నురుగు నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది. ట్యూబ్ జిగ్‌ని (బరువు తల ఉన్న హుక్‌కి తొడిగిన మెత్తటి గొట్టం లాంటి లూర్) అడుగు దాకా దిగనిచ్చి, పది లెక్కపెట్టి, జానెడు మాత్రం కదపండి. చన్నీళ్ళలో చేప లాగి కొట్టదు. లైన్‌కి తడి ఆకు తగులుకున్నట్టు కాస్త బరువు తెలుస్తుంది, అంతే. ఆ బరువు చేతికి పట్టుబడటానికి నాకు రెండు చలికాలాలు పట్టింది.

50 దాటాక చేపలు మడుగు వదిలి గులకరాళ్ళున్న ఒడ్డు వైపు వస్తాయి. ఏడాదిలో పెద్ద ఆడచేప పడే అవకాశం ఎక్కువగా ఉండేది ఈ రెండు మూడు వారాల్లోనే.

60 దగ్గర గుడ్లు పెడతాయి. ఇక్కడ మాత్రం ఒక మాట గట్టిగా చెప్పాలి. మగచేప తోకతో గులకల్ని ఊడ్చి గూడు చేస్తుంది. ఆడచేప గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. గుడ్లు పిల్లలై, ఆ నల్లటి పిల్లలు విడిపోయే దాకా తండ్రే సరిగ్గా తిండి లేకుండా కాపలా కాస్తుంది. అప్పుడు అది మన లూర్‌ని కొట్టేది ఆకలితో కాదు, పిల్లల్ని కాపాడుకోవడానికి. ఆరేళ్ళ కిందట మే నెలలో నేను గూటి మీద నుంచి ఒక మగచేపని లాగాను. హుక్ తీసేలోపే సన్‌ఫిష్‌లు నాలుగైదు గూట్లో దూరి గుడ్లు తినడం నా కళ్ళతో చూశాను. చేపని వదలగానే అది నేరుగా గూటికే వెళ్ళింది, కానీ అప్పటికి ఎన్ని మిగిలాయో. ఆ రోజు నుంచి గూళ్ళు కనిపిస్తే రాడ్ మడిచేస్తాను. కనిపిస్తున్న గూటి మీదికి మళ్ళీ మళ్ళీ విసరడం మన రాష్ట్రంలో నేరం కూడా. 2005లో ఈ నదిలో పిల్ల స్మాల్‌మౌత్‌లు జబ్బు పడి పెద్దఎత్తున చచ్చిపోయాయి. ఇక్కడ ప్రతి గూడూ విలువైనదే.

వేసవిలో తెల్లవారుజామున, మోకాలి లోతు వడి నీళ్ళలో, రొయ్యలాంటి క్రేఫిష్ రంగు లూర్‌తో ప్రయత్నించండి. నీళ్ళు 80 దాటిన మధ్యాహ్నాల్లో మానేయండి. ఆ వేడిలో అలిసిపోయిన చేపని వదిలినా తేరుకోవడం కష్టం.

కొత్తగాలం:
చాలా థాంక్స్ అన్నా. ఒడ్డు నుంచి దీవి కొస అందదు. కయాక్‌లో వెళ్ళొచ్చా?

రాతిగట్టు:
వెళ్ళొచ్చు, కానీ లైఫ్ జాకెట్ వేసుకునే ఉండాలి. నవంబరు 1 నుంచి ఏప్రిల్ 30 దాకా కయాక్‌లో అది ఒంటి మీద ఉండాలన్నది పెన్సిల్వేనియా చట్టం. 45 డిగ్రీల నీళ్ళలో పడితే ఈత వచ్చినా చేతులు కొయ్యబారిపోతాయి. ఒంటరిగా వెళ్ళకండి.

కొత్తగాలం:
నిన్న మా తమ్ముడితో వెళ్ళాను, ఇద్దరం జాకెట్లు వేసుకున్నాం. దారానికి థర్మామీటర్ కట్టి దింపితే 47. నా పాత చోట మళ్ళీ ఏమీ లేదు. దీవి దిగువన, నురుగు తిరుగుతున్న చోట జిగ్ దింపి పది లెక్కపెట్టాను. మూడోసారి అన్నా, మీరు చెప్పిన ఆ తడి ఆకు బరువు! 17 అంగుళాలు. నీళ్ళలోనే హుక్ తీసి వదిలేశాను. అదే మడుగులో తమ్ముడికి ఇంకో రెండు పడ్డాయి.