పాత జీపు వెనక హబ్బు బిగుసుకుపోయింది: గ్యాస్ పెట్టాలా, పుల్లరేనా?

గోదారి జీపు:
మాది మహీంద్రా పాత సీజే 3బీ. ఎడమ వెనక వీల్ సిలిండర్ కారి బ్రేక్ లైనింగ్ మొత్తం తడిసిపోయింది. ఈ బండిలో బ్రేక్ డ్రమ్ము హబ్బుకే (చక్రం బిగించే మధ్య భాగం) స్టడ్లతో (చక్రం నట్లు ఎక్కే మర బోల్టులు) బిగించి ఉంటుంది, హబ్బు ఊడితే తప్ప డ్రమ్ము రాదు. హబ్బేమో ఏళ్ల తరబడి కదిలినట్టు లేదు. మూడు కాళ్ల పుల్లర్ (పట్టి లాగి ఊడదీసే పనిముట్టు) వేస్తే డ్రమ్ము అంచు వంగేలా ఉందని ఆపేశాం. షెడ్డులో ఒకాయన గ్యాస్‌తో కాల్చి సమ్మెటతో కొడదామంటున్నారు. ఇంకొకాయన యాక్సిల్ నట్టు లూజు చేసి బండిని రెండు రౌండ్లు తిప్పితే అదే వస్తుందంటున్నారు. ఏది మేలు?

ఆటోనగర్ పనోడు:
గ్యాసే అన్నా. హబ్బుని చుట్టూ సమానంగా వేడి చేస్తే అది సాగుతుంది, లోపలి షాఫ్ట్ అంత త్వరగా వేడెక్కదు. ఆ సందులో ఒక్క దెబ్బకు వస్తుంది. ఆయిల్ సీల్ పాడైతే కొత్తది వేసుకోవచ్చు, దాని ఖరీదెంత?

లేత్ మాస్టారు:
సీల్ సంగతి సరే తమ్ముడూ, దెబ్బ ఎక్కడికి పోతుందో చూడు. ఈ యాక్సిల్‌లో షాఫ్ట్ చివర టేపర్‌గా, అంటే కొసకు సన్నబడుతూ ఉంటుంది, హబ్బు దాని మీద కూర్చుంటుంది, మధ్యలో గాడిలో ఇమిడే ఇనుప ముక్క, కీ. షాఫ్ట్ చివర సమ్మెటతో కొడితే మర నలుగుతుంది. అది చిన్న నష్టం. ఆ దెబ్బ బేరింగ్ రోలర్లకు తగిలి కప్పులో గంట్లు పడతాయి. అక్కడితో ఆగదు, డిఫరెన్షియల్ (యాక్సిల్ నడుమ ఉండే గేర్ల భాగం) మధ్యలో రెండు షాఫ్టుల నడుమ ఉండే థ్రస్ట్ బ్లాక్ మీదుగా అవతలి చక్రం బేరింగ్ దాకా పోతుంది. అంటే ఎడమ హబ్బు కోసం కొట్టి కుడి బేరింగ్ పోగొట్టుకోవడమే.

మూడు కాళ్లది ఈ పనికి పనికిరాదు. వీల్ స్టడ్లకే బిగించే హబ్ పుల్లర్ కావాలి. స్టడ్లకు నట్లన్నీ గట్టిగా వేసి బిగించండి. మీది ఎడమ పక్క, పాత జీపుల్లో అక్కడ ఎడమ మర స్టడ్లు (మామూలుకు వ్యతిరేకంగా తిప్పితే బిగిసేవి) ఉంటాయి, నట్లు కూడా అవే చూసుకోండి. యాక్సిల్ నట్టుని తిరగేసి షాఫ్ట్ చివరికి సమానంగా ఉంచండి, పూర్తిగా తీయొద్దు. బిగువు మీదున్న హబ్బు వచ్చేటప్పుడు ఫట్‌మని ఎగిరొస్తుంది, ఎదురుగా నిలబడితే ప్రమాదం.

ఆటోనగర్ పనోడు:
ఆ పుల్లర్‌ని కూడా సుత్తితోనే కదా కొడతారు మాస్టారూ? తేడా ఏముంది?

లేత్ మాస్టారు:
అక్కడ కొట్టేది స్క్రూకి తగిలించిన అడ్డ చేతిని. దెబ్బ స్క్రూని తిప్పుతుంది, షాఫ్ట్‌ని లోపలికి నెట్టేలా సూటిగా పడదు. బిగించి, కొట్టి, తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా అలా వదిలేయండి. తెల్లారి మళ్లీ బిగించండి. అప్పటికీ రాకపోతే, పుల్లర్ బిగువు మీదే ఉండగా హబ్బుకి కాస్త వేడి ఇవ్వడం నాకూ సమ్మతమే. నూనె, కారిన బ్రేక్ ఆయిల్ ముందు తుడిచేయాలి, అంటుకుంటాయి. ఎర్రగా మాత్రం కాల్చకూడదు.

నల్లమల డ్రైవర్:
మా వైపు లూజు చేసి నడిపే తీయడం మామూలు. నట్టు రెండు చుట్లు వదులు చేసి, స్ప్లిట్ పిన్ (నట్టు ఊడకుండా అడ్డంగా దూర్చేది) మళ్లీ పెట్టి, ఖాళీ పొలంలో అటూ ఇటూ మలుపులు తిప్పితే చాలాసార్లు వచ్చేస్తుంది. పుల్లర్ దొరకని చోట ఏం చేస్తాం?

లేత్ మాస్టారు:
వస్తుంది, కాదనను. కానీ ఈ బండికి చక్రాన్ని షాఫ్ట్ మీద నిలిపేది ఆ ఒక్క నట్టే. టేపర్ వదిలాక బలమంతా కీ మీద పడుతుంది, కీ తెగుతుంది, లేదా గాడి వెడల్పవుతుంది. గాడి పోయిన షాఫ్ట్‌ని లేత్ మీద బాగుచేయడం ఎంత కష్టమో నాకు తెలుసు. పైగా వీరి బండికి బ్రేకే కారుతోంది. దాన్ని నడపమనడం నాకు మనసొప్పదు.

గోదారి జీపు:
అర్థమైంది మాస్టారూ, నడిపే మాట లేదు. స్టడ్ పుల్లర్ అద్దెకి తెస్తాను. తిరిగి బిగించేటప్పుడు టేపర్‌కి గ్రీజు రాయమంటారా, మళ్లీ ఇలా పట్టకుండా?

ఆటోనగర్ పనోడు:
కొంచెం రాయండి అన్నా, మేం రాస్తాం.

లేత్ మాస్టారు:
వద్దు. బలం మోసేది టేపర్ పట్టే. శుభ్రంగా తుడిచి పొడిగానే కూర్చోబెట్టండి, కీ కొత్తది వేయండి. యాక్సిల్ నట్టుకి కనీసం 150 ఫుట్ పౌండ్ల టార్క్ (బిగింపు బలం) ఇవ్వండి. స్ప్లిట్ పిన్ రంధ్రం కలవకపోతే ఇంకాస్త బిగించాలి తప్ప వెనక్కి తిప్పకూడదు. కొంత దూరం నడిపాక మళ్లీ టార్క్ చూడండి.