ఫోటోలో దాచిన సందేశం జేపీఈజీ అయ్యాక కూడా నిలవాలంటే ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. విజయనగరంలో బీటెక్ ఆఖరి ఏడాది చదువుతున్నాను. ఫోటోలో రహస్య సందేశం దాచడం నా ప్రాజెక్టు. నేను తీసిన గంటస్తంభం ఫోటోలో, పైథాన్‌తో, ప్రతి పిక్సెల్‌లోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువల చివరి బిట్‌లో సందేశం పెట్టాను. 200 ఉన్నది 201 అవుతుంది, అంతే. ఎంత జూమ్ చేసినా కంటికి తేడా దొరకదు. 'అమ్మ' అనే మాట యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) 12 బైట్లు, అంటే 96 బిట్లు. 32 పిక్సెళ్లలో సరిపోయింది. అది మొదటిసారి మళ్లీ తెరమీదకు వచ్చినప్పుడు ఎంత సంతోషం వేసిందో!

పీఎన్‌జీగా (పిక్సెల్ విలువలేవీ మారకుండా దాచే ఫోటో ఫార్మాట్) ఉన్నంతసేపు బాగానే ఉంది. శ్రీకాకుళంలో ఉన్న అక్కకు ఫోన్లో మామూలు ఫోటోలా పంపితే మాత్రం అక్కడ తెరిచేసరికి అన్నీ పిచ్చి గుర్తులే. పంపేటప్పుడు జేపీఈజీగా కుదించడంతో చివరి బిట్లు చెదిరిపోయాయి. డాక్యుమెంట్‌గా పంపితే పదిలంగా చేరుతోంది. కానీ ఇంట్లోవాళ్లకి ఫోటోలు ఎవరూ అలా పంపరు కదా, చూసేవాళ్లకి అక్కడే అనుమానం వస్తుంది.

అందుకే 8×8 పిక్సెళ్ల బ్లాకుల డీసీటీ విలువల్లో దాచాలనుకుంటున్నాను (డీసీటీ అంటే పిక్సెల్ విలువలను ఫ్రీక్వెన్సీలుగా మార్చే లెక్క, జేపీఈజీ వాడేది అదే). మధ్య ఫ్రీక్వెన్సీలు ఎంచుకోవాలా? జేపీఈజీ క్వాలిటీ 50కి తగ్గినా నిలవాలంటే మార్పు ఎంత పెట్టాలి? రీడ్-సాలమన్ లాంటి తప్పులు దిద్దే కోడ్ కలిపితే చాలా? ఫోటో సైజే మారిపోతే ఏం చేస్తారు? ఇది చేసి చూసినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి. వచ్చే నెలలోనే వైవా, చాలా టెన్షన్‌గా ఉంది.