ఐదుగురున్న ఏఎస్/400 బృందానికి చేంజ్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ కావాలా?

మాదాపూర్ కొత్తవాడు:
మాది మాదాపూర్‌లో ఐదుగురి బృందం. ఒక అమెరికా టోకు వ్యాపారుల ఐబీఎం ఐ (పాత పేరుతో ఏఎస్/400) యంత్రం మీది ఆర్‌పీజీ, సీఎల్ భాషల ప్రోగ్రాములను మేము చూసుకుంటాం. సోర్సు మెంబరును (ప్రోగ్రాము రాసి ఉన్న పాఠాన్ని) పీడీఎం అనే పనిముట్టుతో మా లైబ్రరీలోకి కాపీ చేసుకుని, మార్చి, పరీక్షించి, ప్రొడక్షన్‌లో, అంటే అసలు వ్యాపారం నడిచే చోట, చేత్తోనే కంపైల్ చేస్తున్నాం (నడిచే రూపంలోకి మారుస్తున్నాం). ఎవరు ఏది మార్చారో, అది ప్రొడక్షన్‌లోకి ఎలా వెళ్లిందో చూసుకునే టర్నోవర్, ఆల్డన్ వంటి చేంజ్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేరు కొంటామని క్లయింటు అంటున్నారు. ఇంత చిన్న బృందానికి అది అవసరమా?

గ్రీన్‌స్క్రీన్:
అవసరం లేదు. ఫైలు మారినప్పుడు ఏ ప్రోగ్రాములను తిరిగి కంపైల్ చేయాలో డీఎస్‌పీపీజీఎంఆర్‌ఈఎఫ్ కమాండు చెబుతుంది, దానిమీద ఆధారపడిన లాజికల్ ఫైళ్లను (అదే డేటాను వేరే విధంగా చూపేవాటిని) డీఎస్‌పీడీబీఆర్ చూపుతుంది, కంపైల్ చేస్తే వచ్చే ఆబ్జెక్టు ఏ మెంబరు నుంచి తయారైందో, అప్పటికి ఆ మెంబరు చివరిసారి ఎప్పుడు మారిందో డీఎస్‌పీఓబీజేడీలోనే ఉంటుంది. ఇవన్నీ యంత్రంతోపాటే వస్తాయి. అమీర్‌పేటలో నేర్చుకున్న రోజుల నుంచి నేను వీటితోనే నెట్టుకొస్తున్నాను.

రాత్రి షిఫ్టు:
ఆ కమాండ్లు నాకూ తెలుసు. వాటిని నడపడం మరచిపోయిన మనిషి వల్లే నాకు ఒక నెలాఖరు రాత్రి నిద్ర లేకుండా పోయింది. కస్టమర్ మాస్టర్ ఫైలు మధ్యలో ఒక ఫీల్డు పెంచి, ఒక్క ప్రోగ్రాము తప్ప అన్నీ కంపైల్ చేశారు. ఆ ఒక్కటీ సీపీఎఫ్4131తో, అంటే లెవెల్ చెక్‌తో (ఫైలు రూపం ప్రోగ్రాముకు తెలిసినదానితో కలవలేదన్న లోపంతో) ఆగింది. అక్కడితో పోయేదే, కానీ ఎవరో లెవెల్ చెక్‌ను పట్టించుకోవద్దని ఓవర్‌రైడ్ ఇచ్చి జాబును మళ్లీ వదిలారు. ఫీల్డులు పక్కకు జరిగి, అంకెలుండవలసిన చోట అక్షరాలు వచ్చి, తెల్లవారుజామున ఎంసీహెచ్1202 లోపం పడింది. సాఫ్ట్‌వేరు ఉంటే కంపైల్ చేయాల్సిన ప్రోగ్రాముల జాబితాను అదే తయారు చేసి ఉండేది.

గ్రీన్‌స్క్రీన్:
అది ఓవర్‌రైడ్ ఇచ్చిన వారి తప్పు. పైగా సీఎల్‌లో వేరియబుల్‌లో పేరు పెట్టి పిలిచే ప్రోగ్రాము పేరును డీఎస్‌పీపీజీఎంఆర్‌ఈఎఫ్ చెప్పలేదు. మీరు కొనే సాఫ్ట్‌వేరుకు మాత్రం ఆ పేరు ఎలా తెలుస్తుంది?

కూకట్‌పల్లి 5250:
సోర్సును ఐఎఫ్‌ఎస్‌లోకి (ఆ యంత్రంలోని మామూలు ఫోల్డర్లలోకి) తెచ్చి, మార్పుల చరిత్రను దాచే గిట్ వాడితే సరిపోతుంది కదా?

గ్రీన్‌స్క్రీన్:
గిట్ సోర్సును చూస్తుంది, ఆబ్జెక్టును కాదు. పైగా మెంబరులో ప్రతి వరుసకూ ఉండే మార్పు తేదీ అక్కడికి వెళ్లగానే పోతుంది. ఏ వరుస ఎప్పుడు మారిందో ఇప్పుడు నాకు కంటి ముందే కనిపిస్తోంది.

రాత్రి షిఫ్టు:
వేరియబుల్ సంగతి ఒప్పుకుంటాను. మీరు మాత్రం దాన్నే పట్టుకుని వేలాడుతున్నారు. వరుస తేదీ ఎప్పుడు మారిందో చెబుతుంది, ఎవరు మార్చారో చెప్పదు. మరొకటి: నడుస్తున్న ప్రోగ్రామును మీరు చేత్తో కంపైల్ చేస్తే పాతది క్యూఆర్‌పీఎల్‌ఓబీజే లైబ్రరీలోకి వెళ్తుంది, అప్పటికే దాన్ని పిలిచిన జాబులు దానితోనే సాగుతాయి, కొత్తగా వచ్చినవి కొత్తదాన్ని పిలుస్తాయి. మర్నాడు ఒకే బిల్లుకు రెండు లెక్కలు వస్తే ఎవరిని అడగాలి?

ఆడిట్ పక్షం:
కంపెనీల ఆర్థిక లెక్కలపై అమెరికా 2002లో చేసిన సార్బేన్స్-ఆక్స్‌లీ చట్టం వర్తించే క్లయింటు అయితే, రాసిన వ్యక్తే ప్రొడక్షన్‌లో పెట్టడాన్ని ఆడిటర్లు ప్రశ్నిస్తారు. అయితే ఫలానా సాఫ్ట్‌వేరు కొనమని ఆ చట్టంలో లేదు.

గ్రీన్‌స్క్రీన్:
ఆ సాఫ్ట్‌వేరు నాకెందుకు నచ్చదో చెబుతాను. గతంలో నేను పనిచేసిన చోట ఆ సాఫ్ట్‌వేరు ఉండేది. సహోద్యోగి ఒక మెంబరును చెక్ఔట్ చేసుకుని (ఇంకెవరూ మార్చకుండా తన పేరిట తాళం వేసుకుని), సంక్రాంతికి ఊరెళ్లారు. ఆ రాత్రే ఇన్‌వాయిస్‌లు ఆగాయి. తాళం తీసే అధికారం మేనేజరుకే ఉంది, ఆయన ఫోన్ ఎత్తలేదు. నేను ఆ సాఫ్ట్‌వేరును పక్కనపెట్టి నేరుగా కంపైల్ చేసి బిల్లింగ్ నడిపించాను. సోమవారం అందిన మెయిల్‌లో కృతజ్ఞత లేదు, నిబంధన ఉల్లంఘన అన్న మాట ఉంది. అంతకాలం పనిచేసిన మనిషిని ఒక్క లాగ్ వరుస దొంగను చేసింది. మీలాంటివారికి కావలసింది రక్షణ కాదు, నిఘా.

రాత్రి షిఫ్టు:
నిఘా అంటున్నారా? పైన చెప్పిన రాత్రి ఆ ఫైలును మార్చింది నేను కాదు. అయినా డ్యూటీలో ఉన్నది నేనే కనుక, నింద నా మీదే పడింది. నేను కాదని చూపడానికి ఒక్క వరుస రికార్డు కూడా లేదు. మీకు పరువు తీసిన ఆ లాగ్ నా దగ్గర ఉండి ఉంటే నా పరువు నిలబడేది.

గ్రీన్‌స్క్రీన్:
ఆ మాట మొదటే చెప్పవలసింది. లాగ్‌తో నాకు పేచీ లేదండి. ప్రొడక్షన్ తాళం నా చేతిలోంచి తీసి, నిద్రపోయే మనిషికి ఇవ్వడంతోనే నాకు పేచీ.

రాత్రి షిఫ్టు:
తాళం మీ ఒక్కరి చేతిలోనే ఉండడం నాకు పేచీ.

మాదాపూర్ కొత్తవాడు:
ఇద్దరికీ ధన్యవాదాలు. క్లయింటును నేను అడగవలసిన ప్రశ్న ఇప్పుడు మారింది: మనకు రాత్రి రెండు గంటలైనప్పుడు వారికి మధ్యాహ్నమే కనుక, అత్యవసర మార్పుకు అనుమతినిచ్చే ఇద్దరి పేర్లు అక్కడి నుంచి రాతపూర్వకంగా ఇస్తారా?

గ్రీన్‌స్క్రీన్:
ఇస్తే కొనండి. వారి సెలవు రోజుల సంగతి కూడా అడగండి.