ట్రావెల్‌కి ఒకే లెన్స్: 18-135 తీసుకోవాలా, 17-70 ఎఫ్ 2.8 తీసుకోవాలా?

ప్రశ్న:
సోనీ ఎ6400, దానితో వచ్చిన 16-50 కిట్ లెన్స్ (ఈ అంకెలు మిల్లీమీటర్లలో జూమ్ పరిధి) ఉన్నాయి. రెండు వారాల ప్రయాణానికి ఒక్క లెన్స్‌తోనే వెళ్దామనుకుంటున్నాను. కొండలు, పాత కట్టడాలు, సాయంత్రం వీధుల్లో మనుషులు, వెలుతురు తక్కువుండే లోపలి హాళ్లు ఎక్కువగా తీస్తాను. ట్రైపాడ్ ఉండదు. రా (మెరుగులు దిద్దని ముడి ఫైలు) ఫార్మాట్‌లోనే తీస్తాను, ప్రింట్లు ఏ4 దాటవు. సోనీ 18-135, టామ్రాన్ 17-70 ఎఫ్ 2.8 (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుతురు లోపలికొస్తుంది), టామ్రాన్ 18-300 చూస్తున్నాను. ఏది మేలు?

జవాబు 1:
కొనేముందు మీ పాత ఫొటోల్ని అడగండి. ఫొటోలు సర్దే, దిద్దే సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ క్లాసిక్ వాడుతుంటే లైబ్రరీలో మెటాడేటా ఫిల్టర్ తెరిచి, ఒక కాలమ్‌ని ఫోకల్ లెంగ్త్‌కి (16, 50 లాంటి మిల్లీమీటర్ల అంకె) మార్చండి. దేనిలో ఎన్ని తీశారో లెక్కతో సహా కనిపిస్తుంది. 50 దగ్గర గుట్టగా పడి ఉంటే మీకు ఇంకా దగ్గరికి లాగే లెన్స్ కావాలి. గుట్ట 16 దగ్గరుంటే ఈ మూడిటితోనూ కొంత నష్టమే. 16లో 83 డిగ్రీల మేర దృశ్యం పడితే 17లో దాదాపు 80, 18లో 76. ఇరుకు సందులోంచి ఎత్తైన కట్టడం తీస్తున్నప్పుడు ఆ ఏడు డిగ్రీల విలువ తెలుస్తుంది.

లెక్క చూడకుండా చెప్పమంటే నా ఓటు 18-135కే. బరువు 325 గ్రాములు. 17-70 అయితే 525, 18-300 అయితే 620. మీ బాడీయే బ్యాటరీతో కలిపి 400 గ్రాములకి కాస్త ఎక్కువ, కాబట్టి ఆ రెండిటిలో ఏది తగిలించినా కెమెరా ముందుకి వాలుతుంది. ఎ6400 బాడీలో స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సరిదిద్దే ఏర్పాటు) లేదు కనుక అది లెన్స్‌లో ఉండి తీరాలి. మీరు చెప్పిన మూడిటిలోనూ ఉంది. చాలామంది సిగ్మా 18-50 ఎఫ్ 2.8 కూడా చెబుతారు. 300 గ్రాముల లోపే, పదునూ బాగుంటుంది గానీ స్టెబిలైజేషన్ లేదు.

జవాబు 2:
బరువు సంగతి ఒప్పుకుంటాను. కానీ లోపలి హాళ్లు, సాయంత్రం వీధులు అన్నారు కదా, 18-135 చతికిలబడేది సరిగ్గా అక్కడే. జూమ్ చివర ఎఫ్ 5.6 వద్ద ఐఎస్‌ఓ (సెన్సర్ సున్నితత్వం, పెంచేకొద్దీ నాయిస్ అనే చుక్కలు పెరుగుతాయి) 6400 అడిగే వెలుతురులో ఎఫ్ 2.8కి 1600 చాలు. రెండు స్టాప్‌ల తేడా, అంటే నాలుగు రెట్ల వెలుతురు. స్టెబిలైజేషన్ ఉందిగా అంటారేమో, అది మీ చేతి వణుకుని ఆపుతుంది, ఎదుటి మనిషి నడకని కాదు. నడిచే మనిషికి షటర్ వేగం కనీసం 1/125 సెకను ఉండాలి. దగ్గర్లో అడ్డంగా వెళ్తుంటే 1/250.

70 చాలదన్న భయం కూడా మీ ప్రింట్ సైజుకి అనవసరం. మీ ఫైలు 6000 × 4000. 70లో తీసినదాన్ని 135లో కనిపించేంతకి కత్తిరిస్తే సుమారు 3100 × 2070 మిగులుతుంది, అంటే 6.4 మెగాపిక్సెల్స్. ఏ4 పొడవు 11.7 అంగుళాలు కాబట్టి అంగుళానికి 265 పిక్సెల్స్ వస్తాయి, ప్రింట్‌కి ఢోకా లేదు. అదే 300 అంతకి కత్తిరిస్తే 1.3 మెగాపిక్సెల్సే, ఇక కుదరదు. పక్షులో జంతువులో లిస్టులో ఉంటే తప్ప 18-300 జోలికి వెళ్లకండి. 300 చివర ఎఫ్ 6.3, చేత్తో తీయడానికి స్టెబిలైజేషన్ లేకుంటే 1/500 దాకా కావాలి. మధ్యాహ్నం దూరపు కొండని దానితో లాగితే మధ్యలోని వేడిగాలికి అంచులు కరిగినట్టు వస్తాయి. చాలామంది లెన్స్‌ని తిట్టుకునేది ఇందుకే, పాపం!

జవాబు 3:
ఒక చిన్న సవరణ. కదలని వాటికి ఆ రెండు స్టాప్‌లూ ఎఫ్ 5.6తోనూ రాబట్టుకోవచ్చు. గోడలు, పైకప్పుల్లాంటివాటిని బరస్ట్‌లో వరసగా 4 ఫ్రేములు తీయండి. ఫొటోషాప్‌లో లేయర్లుగా తెరిచి, ఆటో అలైన్ చేసి, అన్నీ కలిపి స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా మార్చి, స్టాక్ మోడ్‌లో మీన్ (సగటు) ఎంచుకోండి. 4 ఫ్రేముల సగటుతో నాయిస్ సగమవుతుంది, అది రెండు స్టాప్‌లకి సమానం. మనుషులుంటే మాత్రం దయ్యాల్లా కనబడతారు.

వైడ్ చాలకపోయినా అంతే. కెమెరా నిలువుగా పట్టి, మాన్యువల్ ఎక్స్‌పోజర్‌లో, ఫోకస్ లాక్ చేసి, ఒక్కో ఫ్రేము మూడో వంతు కలిసేలా నాలుగైదు తీసి సాఫ్ట్‌వేర్‌లో ఒకే పనోరమాగా కుట్టేయండి. దగ్గర్లో స్తంభంలాంటిది ఉంటే అతుకు తప్పుతుంది, కాబట్టి దూరపు దృశ్యాలకే వాడండి.

ప్రశ్న అడిగినవారు:
లెక్క చూశాను. సగానికి పైగా 16-20 మధ్యే ఉన్నాయి. 50 దగ్గర తక్కువే. ఐఎస్‌ఓ 3200 దాటినవి చాలా ఉన్నాయి, వాటిలో దాదాపు అన్నిట్లోనూ మనుషులున్నారు. 17-70కే మొగ్గుతున్నాను. కొన్న పీసు బాగుందో లేదో ఎలా చూడాలి?

జవాబు 1:
మనుషులే అయితే ఫ్రేములు కలిపే స్టాకింగ్ పనికిరాదు. 17-70 సబబే, నా ఓటు వెనక్కి తీసుకుంటున్నాను.

పరీక్ష పగటిపూట చేయండి. కనీసం 50 మీటర్ల దూరంలో యాంటెనాలాంటి సన్నని వస్తువు ఎంచుకోండి. కెమెరాని బల్ల మీదో గోడ మీదో ఆనించి, మెనూలో స్టెడీషాట్ (స్టెబిలైజేషన్‌కి సోనీ పేరు) ఆపేసి, 2 సెకన్ల టైమర్ పెట్టి, ఎఫ్ 4లో తీయండి. ముందు మధ్యలో ఆటోఫోకస్ చేసి మాన్యువల్‌కి మార్చండి. ఇక ఫోకస్ తాకకుండా, అదే వస్తువు నాలుగు మూలల్లోనూ పడేలా కెమెరా తిప్పుతూ నాలుగు ఫొటోలు తీయండి. 17, 35, 70 మూడిటిలోనూ ఇలాగే. 100 శాతంలో పెట్టి పోల్చండి. నాలుగు మూలలూ సమానంగా మెత్తగా ఉంటే అది డిజైన్ గుణం, ఎపర్చర్‌ని (లెన్స్ రంధ్రాన్ని) ఎఫ్ 5.6కో 8కో తగ్గిస్తే మెరుగవుతుంది. ఒక్క మూలో ఒక పక్కో మాత్రమే మసకగా ఉంటే లోపలి గాజు పక్కకి ఒరిగినట్టు. అది ఎపర్చర్ తగ్గించినా పూర్తిగా పోదు, మార్చుకోవాల్సిందే. వెనక్కిచ్చే గడువు దాటకముందే, పెట్టె, బిల్లు ఉండగానే ఇది చేసేయండి.

జవాబు 2:
ఇంకొకటి, 17-70 ఫిల్టర్ సైజు 67 మిల్లీమీటర్లు. పోలరైజర్ (మెరుపుని తగ్గించే ఫిల్టర్) కొంటే 17 దగ్గర నీలాకాశంలో ఒక పక్క ముదురుగా, ఇంకో పక్క లేతగా పడుతుంది. ఆకాశం ఎక్కువుండే ఫ్రేముల్లో తీసేయండి. నీటి మీద మెరుపుకి, తడి ఆకులకి మాత్రం బాగా పనికొస్తుంది.