సమస్య: రాజు మీసము లేకుండ రాజ్యమేలె

నిర్వాహకుడు:
మిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య తేటగీతి పాదం:

"రాజు మీసము లేకుండ రాజ్యమేలె"

ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొంతన. ప్రాస నియమం లేదు, ప్రాసయతి వేసుకోవచ్చు. ఇచ్చిన పాదం నాలుగోది కావాలి. ఎవరైనా తేలిగ్గా ఓరుగల్లు వైపు పరుగెత్తుతారని తెలిసే ఇచ్చాను. అటు వెళ్ళేవాళ్ళు ఒక్క సంగతి చూసుకోండి. పాదంలో "రాణి" లేదు, "రాజు" ఉంది. ఆ ముడి విప్పకుండా రుద్రమను తెచ్చి కూర్చోబెడితే పూరణ అయినట్టు కాదు.

హన్మకొండ అక్క:
బోణీ నాదే కానివ్వండి.

కొడుకు లేడని గణపతి కుములలేదు
రుద్రదేవుడనుచు పేరు రూఢికెక్క
కూతునే గద్దె నెక్కించె కోటలోన
రాజు మీసము లేకుండ రాజ్యమేలె!

నిర్వాహకుడు:
అక్కా, రెండో పాదంతోనే ముడి విప్పేశారు. రుద్రమ ఏలుబడిలోని శాసనాలు చాలావాటిలో "రుద్రదేవ మహారాజు" అనే ఉంటుంది. గణపతిదేవుడు కూతురికి ఆ పేరు పెట్టుకుని కొడుకులా చూసుకున్నాడని విద్యానాథుడి ప్రతాపరుద్రీయం కూడా చెబుతుంది. అంటే "రాజు" అన్నది కవి చమత్కారం కాదు, రాతిలో ఉన్న మాట. మొదటి పాదంలో కొ–కు యతి సరిపోయింది.
ఒక్క "కోటలోన" దగ్గరే పంటి కింద రాయి. గద్దె కోటలో కాక పొలంలో ఉంటుందా? యతి కోసం వచ్చిన మాట అది. "కూతునే గద్దె నెక్కించె కోరి తానె" అంటే యతీ నిలుస్తుంది, తండ్రి తెగింపూ కనిపిస్తుంది.

హన్మకొండ అక్క:
"కోరి తానె" చాలా బాగుంది. మార్చుకున్నాను, ధన్యవాదాలు.

తోలుబొమ్మ:
అందరూ ఒకే దారిన పోతారని నేను పక్క వీధిలోకి తిరిగాను.

వేషగానికి చెమటలో పెట్టుమీస
మూడిపడగ జనులు నవ్వ మోము తిప్పి
తెల్లవారెడు దాకను దివిటి వెలుగ
రాజు మీసము లేకుండ రాజ్యమేలె!

పాకాల గాలి:
హహ్హహ్హ. మా ఊరి వీధి నాటకంలో ఇది నిజంగా జరిగింది. కాకపోతే అక్కడ ఊడింది హిరణ్యకశిపుడి మీసం.

నిర్వాహకుడు:
పెట్టుమీసము అన్న పదాన్ని రెండు పాదాల మధ్య విరవడం బాగుంది, మీసం నిజంగానే ఊడిపడ్డట్టుంది. "మూడి" లో ఊకారానికి "మోము" సరిపోయింది. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు.

పద్యం పిచ్చి:
నేనూ ఓరుగల్లు వెళ్ళలేదు, అయోధ్య వెళ్ళాను.

అడవి కేగిన రాముని యడుగుజోళ్ళె
భరతు డుంచగ గద్దెపై ప్రభువులయ్యె
పదియు నాల్గేండ్లు సాకేత వాసులకును
రాజు మీసము లేకుండ రాజ్యమేలె!

నిర్వాహకుడు:
పాదుకలకు మీసం లేదు, నిజమే. జోళ్ళు రెండు, రాజు ఒక్కడు. ఆ లెక్క మీరే తేల్చుకోవాలి.

కొత్త కలం:
నమస్కారం. పద్యం రాయడం ఈ మధ్యే మొదలుపెట్టాను. తప్పులు చెప్పండి. ఒక సందేహం: "రుద్రమదేవి" అని పాదం మొదలుపెడదామని ఎంత ప్రయత్నించినా గణాలు కుదరడం లేదు. ఎందుకు?

మగడు పోయిన పిదపను ధైర్యమూని
మోటుపల్లిలో రేవును మురియజేసి
సాలెగూడంటి వస్త్రాలు సాగనంపి
రాజు మీసము లేకుండ రాజ్యమేలె!

నిర్వాహకుడు:
ముందు సందేహం. "రుద్ర" గలం, సూర్యగణం అయిపోయింది. తర్వాత మిగిలింది "మదేవి". లఘువు, గురువు, లఘువు. అది జగణం, ఇంద్రగణాల్లో జగణం లేదు. అందుకే తేటగీతి పాదం మొదట ఆ పేరు పట్టదు. పాదం నడుమ వేసుకోవచ్చు: "రుద్రమ" భగణంగా మూడో గణంలో, "దేవి" సూర్యగణంగా నాలుగో గణంలో. అప్పుడు యతి "దే" మీద పడుతుంది. "రుద్రదేవ" అంటే మాత్రం పాదం మొదట హాయిగా కూర్చుంటుంది. తేటగీతి కూడా గణపతిదేవుడి మాటే విన్నది!
ఇక పద్యం. మొదటి పాదంలో "మ"కు "ధై"తో యతి చెల్లదు. మిగిలిన పాదాల్లో యతి, గణాలు సరిగ్గా ఉన్నాయి. "గూడంటి" వ్యావహారికం, ఈ పద్యంలో నాకు ఇబ్బంది అనిపించలేదు.

రాతిపలక:
కొత్త కలం గారూ, యతి కన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. ఆమెకు రాజ్యం వచ్చింది మగడి నుంచి కాదు, తండ్రి నుంచి. భర్త నిడదవోలు చాళుక్య వీరభద్రుడు, ఆయన కాకతీయ గద్దె ఎక్కలేదు. అయితే ఈ పొరపాటు మొదట చేసింది మార్కో పోలో. మోటుపల్లి గురించి రాస్తూ, రాజు పోయాక అతని రాణి ఏలుతున్నదని రాశాడు. తండ్రి గద్దె కూతురికి వస్తుందని ఆయనకు తోచినట్టు లేదు. మీ సాలెగూడు కూడా ఆయన దగ్గరిదే కదా, అక్కడి సన్నబట్టలను సాలెగూడుతో పోల్చాడు. ఆ మాట పట్టుకున్నందుకు మాత్రం అభినందనలు.
మగడు పోయాక ఏలిన ఆడపడుచు ఆ ఇంట్లోనే ఉంది, గణపాంబ, రుద్రమ తోబుట్టువు. కోట బేతరాజు భార్య. ఆయన తర్వాత ధరణికోట సీమను చూసుకున్నది ఆమె. మీ మొదటి పాదం ఆమెకు సరిపోతుంది.

కొత్త కలం:
తెలియలేదండీ. మరి ఎలా మార్చాలి?

రాతిపలక:
"తండ్రి యిచ్చిన గద్దెపై ధైర్యమూని" అనండి. "త"కు "ధై" సరిపోతుంది. చరిత్ర దిద్దబోతే యతి కూడా కుదిరింది. రేవు విషయం కూడా తండ్రి నుంచి వచ్చిందే. మోటుపల్లిలో ఓడ వర్తకులకు 1244లో అభయ శాసనం వేయించింది గణపతిదేవుడు. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును రాజులు లాగేసుకునే రోజుల్లో, సుంకం తప్ప ఇంకేమీ తీసుకోమని మాట ఇచ్చాడు. కూతురి నాటికి ఆ రేవు మురిసిందంటే ఆ మాట నిలబడబట్టే.

కృష్ణ ఒడ్డు:
ఇదిగో నా వంతు.

తలను పాగయు నొడలిపై దట్టి గట్టి
మగువ యని యొక్కడెరుగని మర్మమొప్ప
కత్తి చేబూని గుర్రంపు గతుల నేర్చి
రాజు మీసము లేకుండ రాజ్యమేలె!

పాకాల గాలి:
ధార చాలా బాగుంది. "గుర్రంపు గతుల" అనగానే డెక్కల చప్పుడు వినిపించింది.

నిర్వాహకుడు:
ధారకు నూటికి నూరు. అర్థానికి మాత్రం అన్ని ఇవ్వలేను. మగువ అని ఒక్కడికీ తెలియకూడదనుకున్న మనిషి పాగా చుట్టి, దట్టీ కట్టి, మీసం ఒక్కటే మరిచిపోయిందా? మారువేషమే నిజమైతే తోలుబొమ్మ గారి వేషగాడి లాగా పెట్టుమీసం ఉండాలి. మీ మూడు పాదాలూ నాలుగో పాదాన్ని కాదంటున్నాయి.

కృష్ణ ఒడ్డు:
మగవేషంలో పెరిగిందన్న కథ చిన్నప్పటి నుంచీ వింటున్నదే కదండీ. కథ ఉన్నప్పుడు కవికి ఆ మాత్రం స్వేచ్ఛ లేదా?

రాతిపలక:
స్వేచ్ఛ ఉంది, కానీ "ఒక్కడెరుగని" దగ్గర ఆగుతుంది. దేవగిరి యాదవ మహాదేవుడి కొలువులో ఉన్న హేమాద్రి తన ప్రభువును పొగుడుతూ, ఆడదాన్ని చంపడం ఇష్టం లేక రుద్రమను వదిలేశాడని రాశాడు. పగవాడికే తెలిసిన సంగతి ఓరుగల్లులో ఎవరికీ తెలియదంటే ఎలా? పాగా, కత్తి, గుర్రం ఉండనివ్వండి. కొలువులో, యుద్ధంలో మగవారి ఉడుపు వేసుకుని ఉండవచ్చు. కానీ అది పదవి తాలూకు ఉడుపు, దాగుడుమూత కాదు. పేరు కూడా అంతే. సామంతులు ఆడదాని ముందు తలవంచమంటారేమోనని తండ్రి ముందుగానే "రుద్రదేవ" అని పిలిచాడు. అందరికీ తెలిసే పిలిచాడు. నాకు అందులోనే గొప్పతనం కనిపిస్తుంది.

కృష్ణ ఒడ్డు:
అయితే రెండో పాదం "మగువ యని యెల్ల రెరిగిన మర్మమొప్ప" అంటే?

నిర్వాహకుడు:
"మగువ" నగణం, "యనియెల్ల" సలం, "రెరిగిన" నలం. గణాలు సరిపోయాయి. అందరూ ఎరిగిన మర్మం! ఇది అసలు పద్యం కన్నా బాగుంది. నేను "మర్మ" తీసేయమందామనుకున్నాను, ఇప్పుడు అదే పద్యానికి ప్రాణం. అలాగే ఉంచండి.

పాకాల గాలి:
హేమాద్రి మాట వచ్చింది కాబట్టి నా పూరణకు దారి దొరికింది.

మీసములు దువ్వి వచ్చిన మేటి సేన
దేవగిరి దాక పరువెత్తె దిక్కు లేక
ఓరుగల్లున గద్దెపై నోర్మితోడ
రాజు మీసము లేకుండ రాజ్యమేలె!

హన్మకొండ అక్క:
ఓహో! మీసం ఉన్నవాళ్ళు పారిపోయారు, లేనివాడు కూర్చున్నాడు. మా ఊరి పరువు నిలబెట్టారు తమ్ముడూ.

నిర్వాహకుడు:
ఇప్పటి దాకా వచ్చినవాటిలో మీసాన్ని నిజంగా వాడుకున్న పద్యం ఇదే. మిగతావాటిలో లేని మీసం గురించే చెప్పారు, ఇందులో ఉన్న మీసాన్ని ఎదురుగా నిలబెట్టారు. "గద్దెపై నోర్మి" లో ఓకారానికి స్వరయతి బాగా వేశారు. ఒక్క సవరణ: "లేక" తర్వాత అచ్చు వచ్చింది, యడాగమం రావాలి. "యోరుగల్లున" అని రాయండి. పాదం మారింది కదా అని విసంధి వదిలేస్తే పాతవాళ్ళు ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను.

రాతిపలక:
దేవగిరి దాకా తరిమిన సంగతి తర్వాతి కాలపు "ప్రతాపరుద్ర చరిత్ర" అనే గ్రంథంలోది. బీదరు కోటలో దొరికిన శాసనంలో "రాయగజకేసరి" బిరుదుతో ఆమె పేరు ఉంది కాబట్టి అటువైపు దండు వెళ్ళిందనడానికి ఆధారం ఉంది. హేమాద్రేమో మా వాళ్ళే జాలిపడి వదిలేశారన్నాడు. పద్యంలో మన పక్షం మనం రాసుకున్నాం, తప్పేమీ లేదు. నాదీ ఒకటి:

ముదిమి వచ్చిన నేమి, తా మొనను నిలిచి
యంబదేవుని తోడి పోరందు నొరిగె
చందుపట్ల శిలాక్షర సాక్ష్యమిదియె
రాజు మీసము లేకుండ రాజ్యమేలె!

కృష్ణ ఒడ్డు:
రాతిపలక గారూ, నన్ను శాసనం చూపించి నిలదీశారు కదా, ఇప్పుడు నా వంతు. నల్గొండ జిల్లా చందుపట్ల శాసనంలో అంబదేవుడి పేరు ఉందా?

రాతిపలక:
దొరికిపోయాను. శాసనం 1289 నవంబరు 27 నాటిది. పువ్వుల ముమ్మడి అనే అతను రుద్రమదేవి, సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకానికి వెళ్ళారని, వారి పుణ్యం కోసం సోమనాథ దేవుడికి భూమి ఇచ్చాడు. ఇద్దరూ ఒకేసారి పోవడం, అప్పుడు సామంతుడైన కాయస్థ అంబదేవుడు తిరుగుబాటులో ఉండడం, ఈ రెంటినీ కలిపి యుద్ధంలో పోయారని చరిత్రకారులు తేల్చారు. సాక్ష్యం శాసనానిది, పోరు చరిత్రకారులది.

నిర్వాహకుడు:
అయితే మూడో పాదం రెండో పాదానికి ముందు రావాలి. ఇప్పుడున్న వరుసలో శిల పోరుకు సాక్ష్యం చెబుతున్నట్టుంది. పద్యం నాకు బాగా నచ్చింది, "మొనను నిలిచి" దగ్గర ఒళ్ళు జలదరించింది. అయినా ముదుసలి ఒరగడం చెప్పి వెంటనే "రాజ్యమేలె" అనడంలో చిన్న కుదుపు ఉంది. చావు చెప్పాక ఏలుబడికి వెనక్కి తిరగాల్సి వస్తోంది.

హన్మకొండ అక్క:
అందరూ కత్తులే పట్టారు. ఇంకొకటి రాస్తాను, అనుమతిస్తే.

వెలగపూడిని ధారగా వేడ్కనిచ్చె
పురుటి యింటికి వైద్యుల పోషణకును
తల్లి బాధ తెలిసినట్టి తల్లి గనుక
రాజు మీసము లేకుండ రాజ్యమేలె!

తోలుబొమ్మ:
వెలగపూడి అంటే సచివాలయం ఉన్న వెలగపూడేనా?

హన్మకొండ అక్క:
అదే. మల్కాపురం శాసనంలో ఉంది, 1261 నాటిది. తండ్రి మందడం ఇచ్చాడు, కూతురు వెలగపూడి ఇచ్చింది. ఆ రాబడితో మఠం, సత్రం, ఆరోగ్యశాల, ప్రసూతిశాల నడిచాయి.

రాతిపలక:
దానం పుచ్చుకున్నది శైవుల గోళకీ మఠపు విశ్వేశ్వర శివాచార్యులు, రాబడిని పంచి పురుటిశాలకు ఏర్పాటు చేసింది ఆయన. ఆమె నేరుగా పురుటింటికే ఇచ్చినట్టు రాయడం కొంచెం దగ్గరి దారి.

హన్మకొండ అక్క:
తేటగీతికి నాలుగే పాదాలు నాయనా, ఆచార్యుల వారిని ఎక్కడ కూర్చోబెట్టను?

నిర్వాహకుడు:
"గనుక" అటు దానానికీ అతుకుతుంది, ఇటు మీసం లేకపోవడానికీ అతుకుతుంది. తల్లి కాబట్టి ఇచ్చింది, తల్లి కాబట్టి మీసం లేదు. ఇంత తేలికైన మాటతో ముడి విప్పిన పూరణ ఇంకొకటి రాలేదు. "వేడ్క" కొంచెం పొడిగా ఉన్నా పోనివ్వండి. ఈ వారం మొదటి స్థానం అక్కదే. రెండోది పాకాల గాలి గారిది. కృష్ణ ఒడ్డు గారి "ఎల్లరెరిగిన మర్మం" ప్రత్యేక ప్రశంసకు.

వచ్చే వారానికి ఆటవెలది పాదం:

"కూతు కొడుకె తనకు కొడుకు నయ్యె"

రుద్రమ తన కూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుణ్ణి దత్తు తీసుకుందని అందరికీ తెలుసు. కాబట్టి ప్రతాపరుద్రుడు నిషిద్ధం. ఇంకో దారి వెతుక్కోండి.

పాకాల గాలి:
అన్యాయం అండీ! రెండు పాదాలు అప్పుడే రాసేశాను.