లోఫీలియా పేరు మార్చడం సబబేనా?

నీటికోడి:
నార్వేలోని ట్రాండ్‌హైమ్ ఫియోర్డు (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సన్నటి సముద్రపు పాయ) మీద తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నా. అక్కడ టౌట్రా అనే దీవి దగ్గర 39 మీటర్ల లోతులోనే చల్లనీటి పగడపు దిబ్బ ఉంది. ఈ జాతి ఇంత పైకి రావడం వేరే ఎక్కడా చూడలేదట. నేను చదువుకున్నప్పుడు దీని పేరు లోఫీలియా పెర్టూసా. 2016లో డీఎన్ఏ చూసి డెస్మోఫిల్లమ్ పెర్టూసమ్ అన్నారు. నేను ఏ పేరు రాయాలి?

పాతసీసా:
లోఫీలియా అనే రాయండి, సందేహం అక్కర్లేదు. డెస్మోఫిల్లమ్ అంటే నాకు గుర్తొచ్చేది చిలీ దక్షిణాన కొమావు ఫియోర్డులో రాతి చూరుల కింద తలకిందులుగా వేలాడే డయాంథస్ అనే పగడం. ఒక పాలిప్, అంటే నోరూ దాని చుట్టూ మీసాలూ ఉన్న చిన్న మెత్తటి జీవి, దానికో రాతి గిన్నె, అంతే. ఒంటరి జీవి. లోఫీలియా కొమ్మలు వేస్తుంది, కొమ్మ మీద కొమ్మ పేరుకుని వేల ఏళ్లకు దిబ్బ అవుతుంది. ఒంటరిగా బతికేదాన్నీ ఊరు కట్టేదాన్నీ ఒకే ప్రజాతిలో (జీనస్) ఎలా పెడతారు? 30 ఏళ్లు జువాలజీ చెప్పాను, ఇది మాత్రం మింగుడుపడలేదు.

బెర్గెన్‌బాబు:
మాస్టారూ, ఒంటరా గుంపా అన్నది గీటురాయి కాదు. రాతి పగడాల్లో ఆ గుణం ఎన్నోసార్లు వచ్చింది, పోయింది. ఈ రెండింటికీ డీఎన్ఏలో తేడా చాలా కొద్దిగా ఉంది. ఒకే ప్రజాతి అనుకున్నాక ముందు పెట్టిన పేరు నిలబడాలి. డెస్మోఫిల్లమ్ 1834 నాటిది, లోఫీలియా 1849 నాటిది. ఇందులో ఎవరి ఇష్టాయిష్టాలూ లేవు.

కంటిని నమ్ముకుంటే ఏమవుతుందో సీరియాంథస్ అనే జీవిని చూడండి. ఫియోర్డు అడుగు బురదలో గొట్టం కట్టుకుని కూర్చుంటుంది. అచ్చం సీ అనిమోన్‌లాగే (పువ్వులా కనిపించే మెత్తటి సముద్రజీవి) ఉంటుంది. కానీ అసలు అనిమోన్ల గణంలోనే లేదు.

పాతసీసా:
ఆ సంగతి కనిపెట్టింది డీఎన్ఏ కాదు బాబూ. బ్లేడుతో అడ్డంగా కోసి, లోపలి మెసెంటరీలు, అంటే కడుపులోని అడ్డగోడలు, లెక్కపెట్టినవాళ్లు. అనిమోన్‌లో అవి జంటలు జంటలుగా వస్తాయి. గొట్టందాంట్లో జంటలుండవు, కొత్తవి ఒక్క పక్కనే పుడతాయి. ఈ మాట చెప్పి 100 ఏళ్లు దాటింది. అదీ కన్నే.

చేపలపులుసు:
పేరేదైనా సముద్రం అడుగున ఈడ్చే ట్రాలు వల కింద పడితే పొడే.

బెర్గెన్‌బాబు:
అది మాత్రం నిజం. నార్వే నీళ్లలో 30 నుంచి 50 శాతం దిబ్బలు దెబ్బతిన్నాయని 2002లోనే అంచనా వేశారు. ఇది ఏడాదికి పెరిగేది మిల్లీమీటర్లలో, మహా అయితే రెండున్నర సెంటీమీటర్లు.

ఉప్పుగాలి:
మా అత్తగారు నాకు పెట్టిన ఉంగరంలో పగడం ఇదేనా?

బెర్గెన్‌బాబు:
కాదండీ. ఉంగరంలోది పాలిప్‌కి ఎనిమిది టెంటకిల్స్ (మీసాలు) ఉండే ఆక్టోకోరల్. దానికి దగ్గర చుట్టం ట్రాండ్‌హైమ్ ఫియోర్డులోనే ఉంది: బబుల్‌గమ్ పగడం, పారాగోర్జియా. 2022 వర్గీకరణలో రెండూ ఒకే కుటుంబంలోకి వచ్చాయి. మనం మాట్లాడుకునే దిబ్బ పగడం సీ అనిమోన్ల వైపు చుట్టం.

పాతసీసా:
అయితే తెలుగులో పగడం అనాల్సింది పారాగోర్జియాని. దిబ్బ కట్టేదాన్ని పగడం అనడమే తప్పు! నీటికోడి గారూ, శీర్షిక మార్చండి.

నీటికోడి:
శీర్షిక ఇంకా పెట్టనేలేదండీ.

బెర్గెన్‌బాబు:
మాస్టారూ, దారి తప్పిస్తున్నారు. ఇది నాకు కాలక్షేపం కబురు కాదు. ఇక్కడ నార్వేలో సాల్మన్ చేపల పెంపకానికి చోటు చూసే సర్వేలో ఏడాది కాంట్రాక్టు మీద పనిచేశా. పాత వీడియోల రికార్డుల్లో ఈ పగడం ఉందేమో చూడమన్నారు. కొత్త పేరుతో వెతికా, ఒక్కటీ రాలేదు. లేదని రాసిచ్చా. తర్వాత తెలిసింది, అన్నీ లోఫీలియా కింద ఉన్నాయని. తప్పు నాదే అన్నారు. కాంట్రాక్టు పొడిగించలేదు.

పాతసీసా:
చూశావా! పేరు మార్చబట్టే కదా నీ ఉద్యోగం పోయింది.

బెర్గెన్‌బాబు:
మార్చబట్టి కాదు, మీలాంటివాళ్లు పాతది వదలకపోబట్టి! పచ్చబడ్డ నోట్సు 30 ఏళ్లు అదే చదివిస్తే సైన్సు ఆగిపోతుందా?

ఉప్పుగాలి:
కాస్త నెమ్మది, తమ్ముడూ.

పాతసీసా:
నోట్సు ఎత్తావు కాబట్టి చెబుతున్నా. మా కాలేజీలో చిన్న మ్యూజియం ఉండేది. 1980లలో భీమిలి రాళ్ల మధ్య నేనూ నా విద్యార్థులూ ఆటుపోటు చూసుకుని, మోకాళ్లు గీరుకుపోయేలా ఏరిన అనిమోన్లు, పగడాలు. ప్రతి సీసాకీ చీటీ నా చేత్తో రాసిందే. నేను రిటైరయ్యాక ఆ గది డీఎన్ఏ ల్యాబుకి ఇచ్చారు. వద్దనలేదు. సీసాలు మాత్రం వెనక జామచెట్టు కింద పారబోశారు. "ఇప్పుడు ఇవెవరు చూస్తారు సార్" అన్నాడు నా దగ్గర చదువుకున్న కుర్రాడే. లోఫీలియా ఏమైతే నాకెందుకయ్యా. చూసి గుర్తుపట్టేవాడు అక్కర్లేదంటున్నారు, నా గొడవ అదీ.

బెర్గెన్‌బాబు:
ఆ మాట ముందే అనాల్సింది మాస్టారూ. నోట్సు అన్నందుకు క్షమించండి. పేరు విషయంలో నా మాట మారదు. కానీ ఎక్కడ, ఎప్పుడు దొరికిందో చీటీ ఉన్న సీసా లేకపోతే మా డీఎన్ఏకి అర్థమే లేదు. ఏమైనా మిగిలాయా?

పాతసీసా:
పదకొండు తెచ్చుకున్నా. మా ఇంట్లో మెట్ల కింద ఉన్నాయి.

బెర్గెన్‌బాబు:
స్పిరిట్‌లో ఉన్నాయా, ఫార్మలిన్‌లోనా? స్పిరిట్ అయితే డీఎన్ఏ తీయొచ్చు. ఫార్మలిన్ అయితే చాలా కష్టం.

పాతసీసా:
ఫార్మలినే.